క్లౌడ్‌కు మారబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీర్వదించి రాయునది.

లెక్కలు, బిల్లులు, ఖాతాదారుల వివరాలు అన్నీ క్లౌడ్‌లోకి, అంటే ఇంటర్నెట్ ద్వారా వాడుకునే వేరే సంస్థ కంప్యూటర్లలోకి, మార్చబోతున్నావనీ, ముగ్గురు సరఫరాదారుల కొటేషన్లు చేతికి వచ్చాయనీ రాశావు. ధరలు నువ్వే పోల్చుకోగలవు కనుక ఆ జోలికి నేను పోను. కొటేషన్‌లో కనిపించని ప్రశ్న ఒకటి ఉంది: రేపు వాళ్లతో పొసగకపోతే నీ డేటా ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో, ఎంత ఖర్చుతో వెనక్కి వస్తుంది? ఈ మాట సంతకానికి ముందే అడగాలి.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్న సంగతి. ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ దగ్గర ఏళ్ల తరబడి ఉంచిన మా బిల్లుల డేటాను తిరిగి ఇమ్మంటే, వాళ్లు మాట తప్పకుండానే ప్రతి బిల్లునూ విడివిడి పీడీఎఫ్‌గా పంపారు. చూసుకోవడానికి పనికొచ్చేవే కానీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడానికి వీలు లేనివి కావడంతో, ఇద్దరు మనుషులు రెండు నెలలు కూర్చుని వాటిని మళ్లీ టైపు చేయాల్సి వచ్చింది. అందుచేత సీఎస్‌వీ వంటి, మరో ప్రోగ్రాం చదవగల రూపంలో, ఏ కాలమ్‌లో ఏముందో తెలిపే వివరణతో సహా ఇవ్వాలని ఒప్పందంలో రాయించుకో. డేటా బయటికి తీసినందుకు చాలా చోట్ల జీబీ లెక్కన రుసుము ఉంటుందని మరవకు. పూర్తిగా వెళ్లిపోయే ఖాతాదారులకు దాన్ని మాఫీ చేస్తామని గూగుల్, అమెజాన్, మైక్రోసాఫ్ట్ 2024లో ప్రకటించినా, రోజువారీ వాడకంలో మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఇక బ్యాకప్ సంగతి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ ఒకటి కాలిపోయినప్పుడు, అసలు ప్రతినీ బ్యాకప్‌నూ అక్కడే ఉంచుకున్నవారు రెండూ పోగొట్టుకున్నారు. మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ సాధనాలు, ఒకటి వేరే చోట అన్న పాత లెక్క ఇందుకే. వేరే చోటంటే వేరే ఖాతా, వేరే పాస్‌వర్డ్ కూడా అని నా ఉద్దేశం. ఒకే అడ్మిన్ లాగిన్‌తో అన్ని ప్రతులనూ చెరిపేయగలిగితే అవి ఎన్ని ఉన్నా ఒకటే.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నాయనుకుంటే ఒక్కటీ నమ్మదగ్గ స్థితిలో లేదు. రోజువారీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ల తేడా వల్ల విఫలమవుతున్నా, ఆ కబురు తేవలసిన ఈమెయిళ్లు ఎవరికీ అందలేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన ప్రతి ఒకటి ఉండబట్టి గట్టెక్కారు.

కనుక మూడు నెలలకోసారి బ్యాకప్‌ను ఖాళీ కంప్యూటర్‌లోకి ఎక్కించి చూడు. తెరుచుకున్నంత మాత్రాన చాలదు. నేను మొదటిసారి చూసినప్పుడు ఫైలు తెరుచుకుంది, మొత్తాలూ పైసాతో సహా సరిపోయాయి, తీరా చూస్తే తెలుగులో ఉన్న పేర్లన్నీ వరుసగా ప్రశ్నార్థకాలై ఉన్నాయి.

ఖాతాలు, డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) నీ సంస్థ పేరు మీదే ఉండాలి, సరఫరాదారు పేరు మీద కాదు. మానేసిన ఉద్యోగి ఫోనుకు ఇంకా ఓటీపీ వెళ్తుంటే ఇవాళే మార్పించు. సేవ 99.9 శాతం సమయం అందుతుందన్న హామీ చూసి మురిసిపోకు. ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగినా ఆ మాట తప్పినట్టు కాదు, తప్పినా సాధారణంగా దక్కేది బిల్లులో కొంత తగ్గింపే తప్ప నీ వ్యాపారం నష్టపోయిన మొత్తం కాదు.

ముగ్గురికీ ఒకే నమూనా డేటా ఇచ్చి, ఎక్కించి మళ్లీ బయటికి తీసి ఇమ్మను. అసలు వివరాలు మాత్రం ఇవ్వకు, కల్పించిన పేర్లు చాలు. వాళ్లు తిరిగి ఇచ్చిన ఫైళ్లు నాకు పంపితే ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
నీ మేనమామ