కొత్తగా కోళ్ల షెడ్డు పెట్టిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

షెడ్డు పక్క చెరువులో అడవి బాతులు దిగాయని, బర్డ్ ఫ్లూ భయంతో వాటిని తరిమించాలా, గట్టు మీద చెట్లు కొట్టించాలా అని అడిగావు. రెండూ వద్దు. బెదిరిన పక్షి మరో నీటికి పోతుంది, జబ్బుంటే అదీ వెంట పోతుంది. నీ పనంతా షెడ్డు గుమ్మం దగ్గరే ఉంది.

బర్డ్ ఫ్లూ వైరస్‌లు ఎక్కువగా నీటి పక్షుల్లో ఉంటాయి. చాలా బాతులు చూడటానికి ఆరోగ్యంగానే ఉండి, రెట్టలో వైరస్‌ను వదులుతాయి. చల్లటి నీటిలో అది వారాల తరబడి బతుకుతుంది. అయినా తప్పంతా వలస పక్షుల మీదికి నెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పుడు ప్రపంచాన్ని వేధిస్తున్న హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ వంశం 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో మొదట బయటపడింది పెంపుడు పెద్దబాతుల్లోనే. మరుసటి ఏడాది హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురి ప్రాణాలు తీసింది. 2005లో చైనాలోని చింగ్హై సరస్సు దగ్గర వేల అడవి పక్షులు చచ్చిపడ్డాయి. ఆ తర్వాత ఖండాలు దాటి 2024 నాటికి అంటార్కిటికా నేల మీదికీ చేరింది. పెంపుడు పక్షుల నుంచి అడవి పక్షులకు, వాటి నుంచి మళ్లీ షెడ్లకు రాకపోకలు సాగుతూనే ఉన్నాయి.

పక్షి దాన్ని షెడ్డు చుట్టుపక్కలకు తెస్తే, లోపలికి మోసుకొచ్చేది చాలావరకు మనిషే. అంటుకున్న రెట్ట చెప్పులకు, దాణా బండి చక్రాలకు, గుడ్ల ట్రేలకు పట్టుకుని వస్తుంది. అందుకే గుమ్మానికి అడ్డంగా ఒక బల్ల వేయించు. బయటి చెప్పులు ఇవతల, లోపలి బూట్లు అవతల. ఎవరైనా సరే, బల్ల మీద కూర్చుని మార్చుకునే లోపలికి రావాలి. మీ నాన్న వచ్చినా ఇదే నియమం. బూట్లు ముంచే క్రిమిసంహారక మందు నీళ్ల తొట్టిని మాత్రమే నమ్ముకోకు. బూటుకు పెంట అంటి ఉంటే మందు పనిచేయదు, ముందు బ్రష్షుతో కడిగించు. మురికి పట్టిన తొట్టి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

అట్ట ట్రేలు కడగడానికి వీలుండవు, బయటి నుంచి వచ్చినవి తిరిగి వాడకు. చెరువు నీళ్లు క్లోరిన్ కలపకుండా కోళ్లకు పెట్టకు. పిచ్చుక దూరని వల కట్టించు. ఒలికిన దాణా ఎప్పటికప్పుడు ఊడ్పించు, అడవి పక్షులు దానికోసమే దిగుతాయి. కోళ్ల దగ్గర బాతులను పెంచకు. పనివాళ్లు ఇంటి దగ్గర కోళ్లు పెంచుకోకూడదని ముందే చెప్పు. అయితే ఆ మాట చెప్పే ముందు వాళ్లకు గుడ్లు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు చెయ్యి. ఊరికే నోటితో చెబితే ఎవరూ వినరు.

రోజూ తాగిన నీళ్లు, తిన్న దాణా రాసిపెట్టుకో. చాలాసార్లు చావులకన్నా ముందు ఆ లెక్కే పడిపోతుంది. తల వాపు, నీలం తిరిగిన తురాయి, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు, మెత్తటి పెంకు గుడ్లు కనిపించవచ్చు. ఒక్కోసారి ఏ గుర్తూ లేకుండానే గుంపుగా చచ్చిపోతాయి. కోళ్లకు వచ్చే కొక్కెర తెగులు (రాణిఖెత్) కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి ప్రయోగశాల పరీక్ష తప్ప మరో దారి లేదు. చచ్చిన కోడిని కోసి చూడకు, చెరువులో పారేయించకు. పశువైద్యుడికి ఫోను చేసి, ఆయన వచ్చేదాకా ఒక్క గుడ్డు కూడా గేటు దాటనీయకు.

మిగిలినవి అమ్మేస్తే కొంతైనా దక్కుతుందని ఎవరో ఒకరు చెవిలో చెబుతారు. వినకు. ఆ బండి ఆగిన ప్రతి చోటా జబ్బు దిగుతుంది. పైగా చాలా దేశాల్లో అధికారులు చంపేనాటికి బతికి ఉన్న కోళ్లకే పరిహారం ఇస్తారు. దాచినన్ని రోజులూ నీ డబ్బే పోతుంది.

టీకా గురించి కూడా అడిగావు. ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి బాతులకు వేయిస్తోంది. కానీ టీకా వేసిన పక్షి జబ్బు కనబడకుండా వైరస్ వదిలే ప్రమాదం ఉంది కనుక, నిరంతరం పరీక్షలు చేయాల్సిందే. ప్రభుత్వం అనుమతించకుండా ఎవరైనా సీసా తెచ్చి అమ్మజూపితే కొనకు. మనుషులకు వేసే మామూలు ఫ్లూ టీకా మాత్రం నువ్వూ, పనివాళ్లూ ఏటా వేయించుకోండి. అది పక్షుల వైరస్‌ను ఆపదు, కానీ రెండు వైరస్‌లు ఒకే ఒంట్లో కలిసి కొత్త వైరస్ పుట్టే అవకాశాన్ని తగ్గిస్తుంది.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య