లూప్ అతుకు దగ్గర టక్ మంటుంటే

తమ్ముడూ, రాయగడలో రేకుల మీద పడే వాన రికార్డు చేసి ఆడాసిటీలో (శబ్దాలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) లూప్ చేస్తే, అంటే అదే ముక్క మళ్లీ మళ్లీ మోగేలా పెడితే, ప్రతిసారీ 'టక్' మంటోందన్నావు కదా. తప్పు నీ ఫోన్ మైకుది కాదు, శబ్దపు వేవ్ మధ్యలో తెగింది. ముక్క సెలెక్ట్ చేసి జెడ్ నొక్కు, అంచులు వేవ్ సున్నా గీతను దాటే చోటికి జరుగుతాయి. అయినా అతుకు తెలుస్తుంటే చివరి 3 సెకన్లు కోసి, వేరే ట్రాక్‌లో మొదటికి తెచ్చి ఫేడ్ అవుట్ (శబ్దం మెల్లగా తగ్గడం) ఇవ్వు. పాత మొదటి 3 సెకన్లకి ఫేడ్ ఇన్ (మెల్లగా పెరగడం).

సంగీతం చేసే యాప్ ఏదీ ఇప్పుడే కొనకు. 2008లో సంగీతకారులు బ్రయాన్ ఈనో, పీటర్ చిల్వర్స్ తెచ్చిన బ్లూమ్ యాప్ బాగుంటుంది గానీ అందులో నీ వాన ఉండదు. దాని బదులు ఆడాసిటీలోనే ఉన్న పాల్‌స్ట్రెచ్ చూడు, శబ్దాన్ని బాగా సాగదీసే ఎఫెక్ట్ అది. మా పర్లాకిమిడి గుడి గంట 5 సెకన్లు తీసుకుని 10 రెట్లు సాగదీశా. అమ్మ ఫ్రిజ్ పాడైందనుకుంది!