డ్రైనేజీ పైపు పగిలి ఇల్లు పాడైంది, పర్సనల్ లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: ఉప్పల్ దగ్గర మాకు సొంతిల్లు ఉంది, హోమ్ లోన్ ఇంకా నడుస్తోంది. వీధిలో డ్రైనేజీ లైన్ పగిలి మురుగంతా కింద పోర్షన్‌లోకి, సంపులోకి వచ్చేసింది. ఫ్రిజ్, మంచాలు, గోడల ప్లాస్టరింగ్ అన్నీ కలిపి 1.8 లక్షలు అవుతుందంటున్నారు. కొత్త పైపుకని అసోసియేషన్ ఇంటికి 15 వేలు అడుగుతోంది. 4 లక్షల ఎఫ్‌డీ ఉంది, 5 నెలల్లో మెచ్యూర్ అవుతుంది. దాన్ని ముట్టుకోకుండా పర్సనల్ లోన్ తీసుకుందాం అంటున్నారు మావారు.

జవాబు: వద్దండీ, పర్సనల్ లోన్ జోలికి పోకండి. 14 శాతానికి మూడేళ్లు పెట్టుకుంటే నెలకి 6,150 దాకా ఈఎంఐ, వడ్డీయే 41 వేలు దాటుతుంది. ఎఫ్‌డీ ముట్టుకోకూడదన్న మీవారి మాట కూడా పోనక్కర్లేదు, అదే బ్యాంకులో ఆ ఎఫ్‌డీ మీదే ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఎఫ్‌డీ తాకట్టు మీద కావాల్సినంత వాడుకునే అప్పు) అడగండి, మామూలుగా ఎఫ్‌డీ రేటు కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువకి ఇస్తారు. మీది 7 శాతం అయితే 8 శాతానికి 1.8 లక్షలు వాడుకున్నా 5 నెలలకి 6 వేలే, పైగా అటు ఎఫ్‌డీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

కానీ దానికన్నా ముందు హోమ్ లోన్ ఫైల్ తీసి చూడండి. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకు వాళ్లు ఇంటికి ఇన్సూరెన్స్ అంటగడతారు, చాలామందికి అది ఉన్నట్టే గుర్తుండదు. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో నీటి ట్యాంకులు, పైపులు పగలడం, పొంగడం వల్ల జరిగిన నష్టం కవర్ అవుతుంది. సామాన్లకి కూడా కవర్ తీసుకుని ఉంటే బిల్డింగ్ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, లిస్టు ఇవ్వకపోయినా వస్తుంది. డ్రైనేజీ లైన్ కదా అని సర్వేయర్ (నష్టం లెక్కగట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే మనిషి) మెలిక పెట్టొచ్చు, అలాంటప్పుడు కాదన్న కారణం రాతపూర్వకంగా అడగండి, నోటిమాటకి వెనక్కి వచ్చేయొద్దు. వెంటనే కంపెనీకి ఫోన్ చేసి చెప్పండి, ఫోటోలు వీడియోలు తీశాకే కడగండి, పాడైన ఫ్రిజ్‌ని సర్వేయర్ చూసేదాకా పాత సామాన్ల వాడికి ఇచ్చేయకండి. ఎప్పటినుంచో గోడకి చెమ్మ ఉంటే మాత్రం ఆ భాగానికి డబ్బులు రావు.

ఇక ఆ 15 వేలు. అవి అప్పుడే కట్టకండి. మీ గేటు లోపలి చాంబర్, పైపు మీ ఖర్చు, నిజమే, వీధిలో మెయిన్ లైన్ జలమండలిది (హైదరాబాద్ నీళ్లు, మురుగు చూసే బోర్డు) అయితే దాన్ని బాగు చేయాల్సింది వాళ్లే. వాళ్ల 155313కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చి, ఆ కంప్లైంట్ నంబర్ రాసిపెట్టుకోండి, ఆ నంబర్ క్లెయిమ్‌లో కూడా పనికొస్తుంది. ఆ లైన్ కాలనీ సొంతంగా వేసుకున్నదని తేలితే అప్పుడు ఎస్టిమేట్ చూసి, రసీదు తీసుకుని కట్టండి. ఆ ఎస్టిమేట్‌లో మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపే కూలీ కనిపిస్తే మాత్రం ఒప్పుకోకండి, రక్షణ పరికరాలు లేకుండా దింపితే, మనుషులతో మురుగు తీయించడాన్ని నిషేధించే 2013 చట్టం ప్రకారం అది నేరం, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలో, 2 లక్షల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు, ప్రాణం పోతే ఇంక చెప్పేదేముంది. మెషీన్‌తోనే తీయించమనండి.

సంపు కడిగించే ఖర్చు బిల్లు కూడా క్లెయిమ్‌తో పాటు పెట్టండి, ఇస్తే ఇస్తారు.