అంచు చింపకు మాధవీ

చి. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

అక్కడ అమెరికాలో మీ పక్కింటి ముసలావిడ నీకిచ్చిన స్టాంపుల పెట్టె ఫొటోలు చూశాను. వాళ్లాయన ఎంత శ్రద్ధగా దాచాడో ఆ కవర్ల మీది పెన్సిల్ రాత చూస్తేనే తెలుస్తోంది. స్టాంపుల పక్కనున్న తెల్ల కాగితం కత్తిరించి ఆల్బమ్‌లో అంటించమంటావా అని అడిగావు. వద్దు తల్లీ, కత్తెర పక్కన పెట్టు. అవి ప్లేట్ బ్లాకులు, అంటే అచ్చు ప్లేటు నంబరున్న అంచుతో సహా విడదీసిన స్టాంపుల గుంపులు. ఆ తెల్ల అంచు మీదున్న నంబరు కోసమే ఆయన వాటిని దాచాడు. అంచు తీసేస్తే మిగిలేవి మామూలు స్టాంపులే.

1894 నుంచి అమెరికా స్టాంపులను వాషింగ్టన్‌లోని బ్యూరో ఆఫ్ ఎన్‌గ్రేవింగ్ అండ్ ప్రింటింగ్ అచ్చువేసేది. ప్రతి ప్లేటుకూ, అంటే అచ్చు రేకుకూ, ఒక వరస నంబరు ఉండేది, అది షీటు అంచులో పడేది. ఏ షీటు ఏ ప్లేటు నుంచి వచ్చిందో ప్రెస్సువాళ్లకు దానివల్లే తెలిసేది. ఆ నంబరుతో సహా స్టాంపులు విడదీసి దాచుకోవడం తర్వాత సేకర్తలకు అలవాటైంది.

నీ ఫొటోల్లో కొన్ని ఆరు స్టాంపుల బ్లాకులు, కొన్ని నాలుగువి. తేడా ప్రెస్సుది. పాతకాలపు ఫ్లాట్ ప్లేట్ (బల్లపరుపు అచ్చు రేకు) మీద మామూలుగా 400 స్టాంపులు పడేవి, వాటిని వందేసి షీట్లుగా కోసేవారు. నంబరు అంచు మధ్యలో ఉండేది కాబట్టి అటొకటి ఇటొకటి కలిపి, రెండు వరసల్లో ఆరు తీసేవారు. వంచిన ప్లేటును గుండ్రంగా తిప్పుతూ అచ్చువేసే రోటరీ ప్రెస్సు వచ్చాక నంబరు మూలకు చేరింది, నాలుగు చాలు. 1970లలో రంగురంగుల స్టాంపులకు రంగుకో నంబరు వేయడంతో పదీ పన్నెండూ ఉన్న బ్లాకులు వచ్చాయి. 1981లో పద్ధతి మార్చి రంగుకో ఒంటి అంకె పెట్టారు. కాబట్టి మూలలో ఐదంకెల నంబరు ఒకటే ఉంటే 1981కి ముందుదని దాదాపు తేల్చేయొచ్చు. జిప్ కోడ్ (అక్కడి పిన్ కోడ్) బొమ్మ, ‘మెయిల్ ఎర్లీ’ అన్న మాటలూ ఉండి నంబరు లేనివి ప్లేట్ బ్లాకులు కావు. ఆ జిప్ బొమ్మ 1964 నుంచి అంచుల్లో కనిపిస్తుంది. వాటిని వేరే కవరులో పెట్టు.

ఆ రెండు సెంట్ల ఎర్ర వాషింగ్టన్ ఆరు స్టాంపుల బ్లాకు ఉంది చూడు, నా కళ్లు దాని మీదే ఉన్నాయి. 1922లో మొదలైన వరసలోది. దాన్ని పట్టకారుతో తిప్పి, పక్క వెలుతురులో వెనకవైపు చూడు. జిగురు మీద సమాన దూరంలో అడ్డగీతలు కనిపిస్తే రోటరీది. కాగితం చుట్టుకుపోకుండా ప్రెస్సులోనే జిగురును అలా విరిచేవారు. గీతల్లేకుండా, అక్కడక్కడ సిరా మరక అంటుకుని ఉంటే ఫ్లాట్ ప్లేటుది. తర్వాత రెండు సెంటీమీటర్లలో ఎన్ని చిల్లులున్నాయో లెక్కపెట్టు. ఈ స్టాంపులో ఫ్లాట్ ప్లేటుకు 11, తొలి రోటరీకి 10, తర్వాతి రోటరీకి అడ్డంగా 11, నిలువుగా పదిన్నర. రోటరీ ప్లేటును వంచి బిగిస్తారు కనుక బొమ్మ కూడా వెంట్రుకవాసి సాగి ఉంటుంది.

అంచు స్టాంపుకు అతికే ఉందా, ఎవరైనా తర్వాత అతికించారా అన్నది భూతద్దంతోనే చూడాలి. చిల్లుల మధ్య కాగితం పోగులు తెగకుండా సాగి ఉండాలి. చిల్లుల అంచుల్లోకి జిగురు దిగి గట్టిపడి ఉంటే కొత్తగా పూసిన జిగురని అనుమానించు.

నంబరు విలువ ఎంతదో 1918 నాటి తలకిందుల విమానం స్టాంపు చెబుతుంది. బొమ్మ తిరగబడిన ఆ ఒకే ఒక్క వంద స్టాంపుల షీటులో, నీలి ప్లేటు నంబరు 8493 తలకిందులుగా కింది అంచులో పడింది. ఆ నంబరున్న నాలుగు స్టాంపుల బ్లాకు 2021 వేలంలో దాదాపు 49 లక్షల డాలర్లు పలికింది. ఇది విని నీ పెట్టె మీద ఆశలు పెంచుకోకు. 1940ల నుంచి జనం షీట్లకు షీట్లు కొని దాచారు, అందుకే మూడు సెంట్ల బ్లాకులు చాలావరకు ముఖవిలువకు మించి పోవు. మరీ ఎక్కువున్న రకాలను కావాలంటే నీ ఉత్తరాలకు వాడుకో, 1861 నుంచి వచ్చిన అమెరికా స్టాంపులు ఇప్పటికీ తపాలాకు చెల్లుతాయి. ఒక్కోటి మాత్రం ఆయన పేరున ఉంచు.

ఇక దాచడం. చేత్తో ముట్టుకోకు, సెల్లో టేపు, లామినేషన్ ఊసే ఎత్తకు. వెనక కాగితపు హింజ్ (ఆల్బమ్‌లో అంటించే చిన్న జిగురు ముక్క) అంటిస్తే జిగురు మీద మచ్చ పడుతుంది, సగం ధర అక్కడే పోతుంది. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు ఏళ్లు గడిచేకొద్దీ రంగును తినేస్తాయి, మైలార్ అనే పారదర్శక పాలిస్టర్‌వి కొను. చలికాలం మీ ఇంట్లో హీటర్ వేడికి గాలి ఎండిపోయి బ్లాకులు జిగురువైపు ముడుచుకుంటాయి. అలాంటప్పుడు బలవంతంగా సాపు చేస్తే జిగురు పగులుతుంది, చిల్లుల దగ్గర తెగుతుంది. కాస్త తేమున్న గదిలో ఉంచితే వాటంతటవే సర్దుకుంటాయి.

మన కాకినాడలో బాధ దీనికి పూర్తిగా ఎదురు. వానాకాలం గాలికే జిగురు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, గోధుమరంగు బూజుమచ్చలు లేస్తాయి. ఇక్కడికి తెచ్చేటట్టయితే మధ్యమధ్య గ్లాసిన్ అనే నున్నటి పల్చటి కాగితం వేసి, బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టు. ఒకదానిమీదొకటి బరువు పడకుండా నిలువుగా ఉంచాలి. ఇప్పటికే అతుక్కున్నవి ఉంటే నీళ్లలో వేయకు, లాగకు, అలాగే ఉంచు. నేను చూసుకుంటాను.

విమానంలో చేతిసంచిలోనే పెట్టుకో, చెక్-ఇన్ పెట్టెలో వద్దు. బయల్దేరేలోగా ఆ ఎర్ర వాషింగ్టన్ వెనకవైపు ఫొటో ఒకటి, చిల్లుల పక్కన స్కేలు పెట్టి ఇంకొకటి పంపు. ఆవిడ దగ్గర ఆయన రాసుకున్న నోటుబుక్కు ఏమైనా ఉందేమో కూడా అడుగు.

పెదనాన్న