ఆఫర్ లెటర్ వచ్చింది, డిపాజిట్ కట్టమంటున్నారు: నమ్మవచ్చా?

బీటెక్ పూర్తి చేసిన మీ తమ్ముడికి ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థ పేరుతో ఆఫర్ లెటర్ వచ్చిందనీ, ల్యాప్‌టాప్‌కూ శిక్షణకూ కలిపి 14,500 రూపాయలు కడితే మొదటి జీతంతో పాటు తిరిగి ఇస్తామంటున్నారనీ, లోగో, ముద్ర, సంతకం అన్నీ సరిగ్గానే కనిపిస్తున్నాయనీ రాశారు. దయచేసి ఆ డబ్బు కట్టవద్దు. 2022లో నేను ఇదే విధంగా 21,500 రూపాయలు పోగొట్టుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

అప్పుడు నేను అమీర్‌పేటలో ఒక హాస్టల్‌లో ఉండి జావా కోర్సు చేస్తున్నాను. ఫోన్ చేసిన ఆవిడ ఒక పేరున్న సంస్థ హెచ్‌ఆర్ విభాగం నుంచి మాట్లాడుతున్నానని చెప్పి, నా కాలేజీ పేరుతో పాటు చివరి సంవత్సరంలో నేను చేసిన ప్రాజెక్టు పేరు కూడా చెప్పారు. ఆ ప్రాజెక్టు పేరు వినగానే నాకున్న కాస్త అనుమానమూ పోయింది. ఆ వివరమంతా నా రెజ్యూమేలోనే ఉందనీ, ఉద్యోగాల సైట్లలో మనం పెట్టే రెజ్యూమేలను రుసుము కట్టి రిక్రూటర్ ఖాతా తీసుకున్నవారు చూడగలరనీ నాకు తట్టలేదు. మరునాడు ఫోన్‌లోనే ఇరవై నిమిషాల ఇంటర్వ్యూ జరిగింది. సాయంత్రానికి ఎంపికయ్యానని మెయిల్ వచ్చింది. మొదట సర్టిఫికెట్ల పరిశీలనకని 3,500 రూపాయలు, రెండు రోజుల తరువాత ల్యాప్‌టాప్ డిపాజిట్ అని 18,000 రూపాయలు అడిగారు. యూపీఐలో వాళ్లిచ్చిన నంబరు కొట్టగానే తెర మీద సంస్థ పేరుకు బదులు ఎవరో ఒక వ్యక్తి పేరు కనిపించింది. అదేమని అడిగితే ఆయన తమ అకౌంట్స్ ఆఫీసరని అన్నారు. ఐదు గంటల లోపు కట్టకపోతే ఆ అవకాశం వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి వెళ్లిపోతుందని కూడా అన్నారు. అప్పటికి నాలుగున్నర అయింది. ధాన్యం అమ్మగా వచ్చిన డబ్బులోంచి నాన్న ఆ ఉదయమే పంపిన మొత్తాన్ని నేను పిన్ కొట్టి పంపేశాను.

నేను ఏమీ పరిశీలించకుండా డబ్బు కట్టలేదు, ముఖ్యంగా గమనించవలసింది ఇదే. లెటర్ మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి, రెఫరెన్స్ నంబరు అడిగి, నా పేరు జాబితాలో ఉందని చెప్పారు. మెయిల్‌లో ఇచ్చిన లింకు నొక్కితే అసలు సంస్థ వెబ్‌సైటులాంటి పేజీయే తెరుచుకుంది. అంటే వాళ్లు ఇచ్చిన కాగితాన్ని వాళ్లు ఇచ్చిన నంబరుతో, వాళ్లు ఇచ్చిన లింకుతో సరిచూసుకున్నాను. లెటర్ ఎంత బాగుందన్నది లెక్కలోకి రాదు. లోగోలు, సంతకాలు ఎవరైనా అతికించగలరు. ఆ కబురు నిజంగా ఆ సంస్థ నుంచే వచ్చిందా అన్నదే చూడాలి, దానికి వాళ్లు పంపినవేవీ వాడకుండా, సంస్థ వెబ్‌సైటును మీరే బ్రౌజర్‌లో టైపు చేసి తెరిచి, అక్కడున్న చిరునామాకు రాసి అడగాలి.

మెయిల్ చిరునామా చదవడంలో ఒక పద్ధతి ఉంది. పైన కనిపించే పంపినవారి పేరును పట్టించుకోవద్దు, అక్కడ ఎవరు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. దాన్ని నొక్కితే అసలు చిరునామా కనిపిస్తుంది. అందులో డాట్ కామ్‌కు ఆనుకుని ఎడమవైపున్న పేరే దాని సొంతదారుది. కెరీర్స్ అనే మాట తరువాత చుక్క, ఆ తరువాత సంస్థ పేరు, డాట్ కామ్ ఉంటే అది సంస్థదే. సంస్థ పేరు తరువాత అడ్డగీత పెట్టి, కెరీర్స్ అని రాసి, డాట్ కామ్ అని ఉంటే అది వేరే చిరునామా, ఎవరైనా కొనుక్కోవచ్చు. నాకు వచ్చింది ఈ రెండో రకమే. హూయిజ్ (WHOIS) అనే ఆన్‌లైన్ సేవలో వెతికితే అలాంటి పేరు ఎప్పుడు నమోదైందో తెలుస్తుంది. నేను ఆలస్యంగా చూశాను, అప్పటికి అది నమోదై పందొమ్మిది రోజులే అయింది. అయితే నిజమైన సంస్థలు కూడా కొన్నిసార్లు నియామకాలకు బయటి సాఫ్ట్‌వేర్ వాడతాయి కాబట్టి, చిరునామా వేరుగా ఉన్నంత మాత్రాన మోసమని తేల్చేయలేము. అలాంటప్పుడు కూడా సంస్థ కెరీర్స్ పేజీ నుంచి లోపలికి వెళ్లి మన దరఖాస్తు అక్కడ కనిపిస్తుందో లేదో చూడడమే సరైన పని.

ఇప్పుడు నేను మాదాపూర్‌లో ఒక సంస్థ నియామకాల విభాగంలో పనిచేస్తున్నాను. పోయిన ఏడాది ఒక సోమవారం ఉదయం సెక్యూరిటీ డెస్క్ నుంచి ఫోన్ వస్తే కిందికి వెళ్లాను. శ్రీకాకుళం జిల్లా నుంచి రాత్రంతా రైల్లో ప్రయాణం చేసి వచ్చిన ఒక అబ్బాయి, వాళ్ల నాన్నగారు నిలబడి ఉన్నారు. నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చిన ఆఫర్ లెటర్‌లో చేరవలసిన తేదీ ఆ రోజే. అది మా సంస్థ ఇచ్చినది కాదని చెప్పవలసి వచ్చింది నాకే. ఆ పెద్దాయన లెటర్ తీసుకుని, మా లోగో మీద వేలు పెట్టి, "మరి ఇది మీదే కదా బాబూ" అన్నారు. వాళ్లు కట్టింది 32,000 రూపాయలు.

ఈ పనిలోకి వచ్చాక నాకు స్పష్టంగా తెలిసిన విషయం, ఉద్యోగం ఇచ్చే సంస్థ అభ్యర్థి దగ్గర ల్యాప్‌టాప్‌కు గానీ, సర్టిఫికెట్ల పరిశీలనకు గానీ డబ్బు తీసుకోదు. ఆ ఖర్చు మాది. ఫోన్ చేసిన మరునాటికే ఆఫర్ ఇవ్వడం కూడా మా దగ్గర జరగదు, రెండు మూడు రౌండ్లు, ఆపైన అనుమతులు ఉంటాయి. తిరిగి ఇస్తామన్న మాట వల్లనే ఇంట్లోవాళ్లు దాన్ని ఖర్చుగా కాక దాచుకున్న డబ్బులా భావించి అప్పు చేసైనా పంపుతున్నారు. ప్రభుత్వ ఉద్యోగాలకు పరీక్ష రుసుము ఉంటుంది, అయితే దాన్ని దరఖాస్తు వేళ అధికారిక వెబ్‌సైటులోనే కడతాము, ఎంపికైన తరువాత ఎవరి సొంత ఖాతాకో కాదు. గల్ఫ్ ఉద్యోగమని ఎవరైనా చెబితే, ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. లైసెన్సున్న ఏజెంటు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు.

మీ తమ్ముడు ఇప్పటికే ఎంతో కొంత పంపి ఉంటే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, బ్యాంకుకు కూడా చెప్పండి. యూపీఐ లావాదేవీకి ఉండే పన్నెండు అంకెల రిఫరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోండి. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉంటేనే దాన్ని ఆపగలరు. నేను సిగ్గుపడి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు, ఈలోగా ఆ మొత్తం చాలా ఖాతాలు దాటిపోయింది. సంభాషణలన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీయండి, ఎందుకంటే టెలిగ్రామ్‌లో అవతలివారు చెరిపేస్తే మన ఫోన్‌లో కూడా మాయమవుతాయి. ఆధార్, పాన్ కాపీలు పంపి ఉంటే ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేయించండి, టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో మీ తమ్ముడి పేరున ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి, అతని పేరున ఎవరైనా అప్పు తీసుకున్నారేమో తెలియడానికి కొన్ని నెలల పాటు క్రెడిట్ రిపోర్టు గమనిస్తూ ఉండండి. పోయిన డబ్బు రప్పిస్తామని ఎవరైనా ఫోన్ చేసి రుసుము అడిగితే అది మరో మోసం. నాకు అలాంటి ఫోన్లు రెండు వచ్చాయి.

ఇంకా ఏమీ కట్టలేదంటే, ఈ రాత్రికే ఆ లెటర్‌ను సంస్థ అసలు వెబ్‌సైటులోని చిరునామాకు పంపి, ఇది మీరు ఇచ్చినదేనా అని రెండు వాక్యాల్లో అడగండి. మా విభాగానికి ఇలాంటి మెయిళ్లు వస్తుంటాయి, మేము జవాబిస్తాము. జవాబు వచ్చే వరకు ఆ మనిషి ఫోన్ చేస్తే మీ తమ్ముణ్ణి ఒంటరిగా మాట్లాడనివ్వకుండా మీరు పక్కన కూర్చోండి. ఆ నాలుగున్నర గంటలప్పుడు నా పక్కన ఎవరూ లేరు.