పాఠకుల ప్రశ్నలు: పేరుకు మాత్రమే మహిళా డైరెక్టరా?

ప్రశ్న: మా మామగారు పెట్టిన స్పిన్నింగ్ మిల్లు స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన చిన్న కంపెనీ. బోర్డులో ఒక మహిళ తప్పనిసరిగా ఉండాలన్న నిబంధన వచ్చినప్పుడు మా బావగారు నన్ను డైరెక్టరుగా వేశారు. మూడు నెలలకోసారి హాజరు పుస్తకం ఇంటికే పంపుతారు, సంతకం చేసి ఇస్తాను. నా డిజిటల్ సంతకం ఉన్న పెన్‌డ్రైవు ఆడిటరు గారి ఆఫీసులోనే ఉంటుంది. ఓటీపీ వస్తే ఫోనులో చెబుతాను. ఇప్పుడు బ్యాంకు అప్పుకు హామీ పత్రం మీద కూడా సంతకం పెట్టమంటున్నారు. "పేరుకేనమ్మా, నీకొచ్చే ఇబ్బంది ఏమీ లేదు" అంటున్నారు బావగారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నిజం కాదమ్మా. మీ బావగారు మోసం చేస్తున్నారని అనడం లేదు. చాలా కుటుంబ కంపెనీల్లో పెద్దలు మనస్ఫూర్తిగా అలాగే నమ్ముతారు. అయితే 2013 కంపెనీల చట్టంలో పేరుకు మాత్రమే ఉండే డైరెక్టరు అనే పదవి లేదు. ఆ చట్టంలోని 149వ సెక్షను, దాని కింద వచ్చిన నిబంధనలు కలిసి, స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ప్రతి కంపెనీలోనూ, అలా నమోదు కాకపోయినా చెల్లించిన మూలధనం 100 కోట్లు గానీ టర్నోవరు 300 కోట్లు గానీ, అంతకు మించి గానీ ఉన్న పబ్లిక్ కంపెనీల్లోనూ కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలన్నాయి. గడువు దగ్గరపడే వేళకు ఎన్నో కంపెనీలు భార్యనో కోడలినో కూతురినో బోర్డులో కూర్చోబెట్టి సరిపెట్టుకున్నాయి. అందుకే తాను వేసిన కోటక్ కమిటీ సిఫారసు మీద స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ, కంపెనీని పెట్టి నడిపించే ప్రమోటర్లతో బంధుత్వం లేని స్వతంత్ర మహిళా డైరెక్టరు ఉండి తీరాలని 2019 ఏప్రిల్ నుంచి మార్కెట్ విలువలో మొదటి 500 కంపెనీలకు, 2020 ఏప్రిల్ నుంచి మొదటి 1000 కంపెనీలకు నియమం పెట్టింది. మీ మిల్లు ఆ వరుసలో లేదు కాబట్టి మీతో సరిపోయింది. పంచాయతీలో భార్య సర్పంచి, కుర్చీలో భర్త అన్న కథ మనకు కొత్తది కాదు కదా.

ఇక భయం సంగతి. కార్యనిర్వహణలో లేని డైరెక్టరుకు, ప్రమోటరుగా పేరు లేనంతవరకు, చట్టం కొంత రక్షణ ఇచ్చింది: బోర్డు ప్రక్రియ ద్వారా తనకు తెలిసి, తన సమ్మతితోనో తన అశ్రద్ధ వల్లనో జరిగిన తప్పులకే ఆమెను బాధ్యురాలిని చేస్తుంది. ఆ రక్షణను మీరు చేజేతులా వదులుకుంటున్నది ఇంటికొచ్చే ఆ హాజరు పుస్తకం దగ్గరే. అందులో సంతకం ఉందంటే, తీర్మానం జరిగిన రోజు మీరు ఆ బల్ల దగ్గర కూర్చున్నారని, కాగితాలు చూశారని, అభ్యంతరం చెప్పలేదని అర్థం. రేపు ఎవరైనా విచారణకు వస్తే నాకేమీ తెలియదనడానికి మీ సంతకమే అడ్డుపడుతుంది. వెళ్లని సమావేశానికి ఇకపై సంతకం చేయకండి. అలాగని అసలు వెళ్లకుండా ఉండటానికీ వీల్లేదు. 12 నెలల్లో జరిగిన సమావేశాలన్నిటికీ గైర్హాజరైతే, సెలవు తీసుకున్నా సరే, పదవి దానంతటదే పోతుంది.

వెళ్లడం ఒక్కటే చాలదనడానికి మన హైదరాబాదు కంపెనీయే ఉదాహరణ. సత్యం కంప్యూటర్స్ బోర్డులో, ఏ నిర్బంధమూ లేని 1991 నుంచే, మంగళం శ్రీనివాసన్ అనే విద్యావంతురాలు డైరెక్టరుగా ఉన్నారు. 2008 డిసెంబరు 16న ఛైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనాలన్న ప్రతిపాదనను ఆ బోర్డు ఆమోదించింది. మదుపరులు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. ఆ నెలలోనే ఆమె రాజీనామా చేస్తూ, తాను సందేహాలు లేవనెత్తినా వ్యతిరేకంగా ఓటు వేయలేదని, అందుకు నైతిక బాధ్యత వహిస్తున్నానని చెప్పారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లేఖతో అసలు లెక్కలు బయటపడ్డాయి. నోటితో అన్న సందేహం వ్యతిరేక ఓటుగా మారకపోతే లేనట్టేనని ఆ ఉదంతం చూపింది. కాబట్టి సమావేశానికి 7 రోజుల ముందు రావలసిన నోటీసును, అజెండా కాగితాలను అడిగి తీసుకోండి. మీ కుటుంబంలోని మరో సంస్థతో లావాదేవీ ఏదైనా అందులో ఉంటే ధర ఎలా కట్టారో అడగండి. నచ్చకపోతే అసమ్మతి నమోదు చేయమనండి. 15 రోజుల్లో మీకు రావలసిన ముసాయిదా మినిట్సులో, అంటే సమావేశంలో జరిగినదాని రాతలో, ఆ మాట ఉందో లేదో చూసుకోండి.

డిజిటల్ సంతకపు పెన్‌డ్రైవును ఈ వారమే ఇంటికి తెప్పించుకోండి. అది ఇతరుల చేతికి చిక్కకుండా చూసుకోవలసిన బాధ్యత ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం ప్రకారం మీదే. ఇదంతా ఒక ఎత్తు, హామీ పత్రం ఒక్కటే ఒక ఎత్తు. అది డైరెక్టరు పదవికి సంబంధించిన బాధ్యత కాదు, మీ సొంత అప్పులాంటిది. మిల్లు కట్టకపోతే బ్యాంకు నేరుగా మీ దగ్గరికే రావచ్చు, మీరు రాజీనామా చేసినా ఆ పత్రం రద్దు కాదు. మీ సొంత వకీలుకు చూపించకుండా సంతకం పెట్టకండి.

అన్నట్టు, సమావేశానికి హాజరైనందుకు ఇచ్చే సిట్టింగ్ ఫీజు మీకు ఇస్తున్నారా? మహిళా డైరెక్టరుకు ఇచ్చే ఫీజు ఇతర డైరెక్టర్ల ఫీజు కంటే తగ్గకూడదని నిబంధనల్లోనే రాసి ఉంది.

ప్రశ్న: బ్యాంకులో మేనేజరుగా చేసి పదవీ విరమణ పొందాను. స్వతంత్ర డైరెక్టరు కావాలంటే ఎవరినైనా పట్టుకోవాలా? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందుగా మానేసర్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కార్పొరేట్ అఫైర్స్ నిర్వహించే స్వతంత్ర డైరెక్టర్ల డేటాబ్యాంకులో పేరు నమోదు చేసుకోండి. ఆ తరువాత రెండేళ్లలోగా ఆన్‌లైన్ పరీక్షలో 50 శాతం మార్కులు తెచ్చుకోవాలి. అప్పు దరఖాస్తులు పరిశీలించిన మీలాంటివారికి బ్యాలెన్స్ షీటు చదవడం ఒకరు నేర్పనక్కరలేదు. పిలుపు వస్తే మాత్రం ఒప్పుకునే ముందు ఆ కంపెనీ ఆడిటరు ఈ మధ్య అర్ధాంతరంగా తప్పుకున్నారేమో కనుక్కోండి.