మారు అడగనివ్వకు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు బడి హెడ్మాస్టరు (హెచ్.ఎం.)గా పోస్టింగ్ వచ్చిందని, అదీ మన కోనసీమ లంకల్లోనే అని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. రికార్డులు, ఆన్‌లైన్ ఎంట్రీలు నెల తిరక్కుండా అలవాటైపోతాయి, వాటికి టెన్షన్ పడకు. నేను రాసేది మధ్యాహ్నం అన్నం వేళ గురించి.

బడి మధ్యాహ్న భోజన పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుంది. రోజూ రాసీ రాసీ అది వట్టి పేరుగా మిగిలిపోకూడదనే ఇది రాస్తున్నాను. ఆవిడ 1841లో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో పోయేదాకా వేళకాని వేళ వచ్చినవాళ్లకి కూడా వండి పెట్టారు. ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి పిలిచినా వెళ్లలేదని అందరూ గొప్పగా చెబుతారు. నాకు అంతకంటే అంతర్వేది ప్రయాణం గొప్పగా అనిపిస్తుంది. నరసింహస్వామి దర్శనానికి బయల్దేరిన ఆవిడకి దారిలో ఎవరో తమ పిల్లల్ని సముదాయిస్తున్న మాటలు వినపడ్డాయట: ఇంకాసేపు ఓర్చుకోండి, గన్నవరంలో సీతమ్మ గారింట్లో అన్నం తిందామని. స్వామిని చూడకుండానే వెనక్కి తిరిగి, వాళ్లకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారని చెబుతారు. వాళ్లు ఆవిణ్ణి ఏమీ అడగలేదు. అడిగే అవసరమే రానివ్వలేదు ఆవిడ.

నేను ఇది ఆలస్యంగా నేర్చుకున్నాను. బళ్లో చేరిన కొత్తలో పంక్తి మధ్య నిలబడి "ఇంకా ఎవరికి కావాలి? చేతులెత్తండి" అని గట్టిగా అడిగేదాన్ని. అన్నం మిగిలేది. అందరికీ కడుపు నిండిందనుకునేదాన్ని. మా బళ్లో వండే ముసలమ్మ ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, ఆకలున్న పిల్ల చెయ్యెత్తదు, సిగ్గు" అంది. మర్నాటి నుంచి నేను ఎవర్నీ అడగలేదు. ఆ ముసలమ్మే గరిటె పట్టుకుని వరసలో నడుస్తూ, కంచం ఖాళీ అవుతుంటే కొసరి వేసుకుంటూ పోయింది. ఆ రోజు గిన్నెలో మెతుకు మిగల్లేదు. చేతులెత్తమన్న ఆ రోజులన్నీ తలుచుకుని ఇంటికొచ్చి ఏడ్చాను.

కాబట్టి నువ్వు వడ్డన దగ్గర నిలబడు. అన్నం రుచి చూడటం ఎలాగూ నిబంధనే, రుచి చూసి వెళ్లిపోకుండా పిల్లల పక్కన కూర్చుని తిను. ఎవరు నెమ్మదిగా తింటున్నారో, ఎవరు గుడ్డు తినకుండా దాస్తున్నారో అప్పుడే కనపడుతుంది. దాచిన పిల్లని అందరి ముందూ నిలదీయకు, తర్వాత ఒంటరిగా పిలిచి ఇంట్లో ఎవరున్నారో కనుక్కో. గోదావరి పొంగినప్పుడు రేవు దాటి వచ్చే పిల్లలు ఆలస్యమవుతారు, వాళ్ల వాటా తీసి మూత పెట్టించు.

వంటవాళ్లని "గారు" అని పిలు. వాళ్ల బిల్లులు ఆలస్యమైతే వాళ్ల తరఫున తిరగాల్సింది నువ్వే. అవమానపడ్డ చెయ్యి కొసరి వడ్డించలేదమ్మా.

ఇంకొకటి. ఆదివారం బడి అన్నం ఉండదు. సోమవారం పొద్దున్నే కొందరు పిల్లల ముఖాలు చూస్తే నీకే తెలుస్తుంది. ఆ రోజు వంటగదిలోకి ముందు నువ్వే వెళ్లి, ఎసరు కాస్త ఎక్కువ పెట్టమని చెప్పు.

మీ పెద్దమ్మ